ఏటికొప్పాక పిడత

పిల్లలూ! లక్కపిడతలతో ఆడుకున్నారు గదా! బుల్లి కుండలు, గిన్నెలు, రోలు, తిరగలి! అవి పుట్టే ఊరు చూసి వద్దాం, రండి.

విశాఖపట్నం నుంచి తుని వైపు సుమారు 65 కిలోమీటర్లు పోయి, అడ్డరోడ్డు దగ్గర పక్కకు తిరిగితే ఏటికొప్పాక వస్తుంది. 2022 నుంచి ఇది అనకాపల్లి జిల్లాలో ఉంది. ఊరి పక్కనే వరాహనది. వీధిలోకి అడుగు పెట్టగానే తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒకటే రొద! అది తరిమెనల చప్పుడు.

తరిమెన అంటే కర్రను గిరగిర తిప్పే యంత్రం. పూర్వం దీన్ని తాడు చుట్టి చేత్తో లాగేవారు. ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతోంది. కర్ర తిరుగుతుంటే పనివాడు ఉలిని ఒక ఆసరా మీద ఆనించి దానికి తాకిస్తాడు. అక్కర లేని చెక్క రాలిపోతుంది.

మేము వెళ్ళిన ఇంట్లో ఒక తాత మూత ఉన్న పిడత చేస్తున్నాడు. కర్ర అంకుడుది. తెల్లగా, మెత్తగా, సన్నని నారతో ఉంటుంది. మొదట దోనెలా వంగిన అంచుగల ఉలితో దానికి గుండ్రని రూపం తెచ్చాడు. పిడత లోపలికి వచ్చేసరికి ఉలి మార్చాడు.

"ఇంకా అదే ఉలి పెట్టకూడదా, తాతా?" అని అడిగాను.

"లోపల దాన్ని వాల్చి తిప్పడానికి చోటేది, బాబూ? ఇక్కడ కోయకూడదు, గీకాలి" అన్నాడు.

గీకే ఉళ్ళు ఆయన దగ్గర చాలా ఉన్నాయి. గుండ్రని అడుగుకు గుండ్రని మొన, మూత కూర్చునే అంచుకు చదును మొన. గుండ్రని మొన గుంటకన్నా చిన్నదిగా ఉండాలట. అంచు అంతా ఒక్కసారిగా తాకితే చెక్క అదురుతుంది.

గీకే ఉలిలో ఒక తమాషా ఉంది. సానరాయి మీద పట్టినప్పుడు దాని అంచున కంటికి ఆనని సన్నని కొక్కెం లేస్తుంది. గీకేది అదే! అది త్వరగా అరిగిపోతుంది. అందుకే మాటిమాటికీ సాన పట్టాలి. పదును ఉన్నదీ లేనిదీ రాలే పొట్టే చెబుతుంది. ఉంగరాలు తిరిగిన సన్నని పొరలు వస్తే పదును ఉన్నట్టు; పొడి రాలితే పోయినట్టు.

పక్కనే ఒక కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. ఉలి మొన కాస్త పైకి లేచిందో ఏమో, చటుక్కున చెక్కలో దిగబడింది. 'ఫట్'మని పిడత రెండు చెక్కలైంది! కుర్రవాడి ముఖం చిన్నబోయింది.

తాత కోప్పడలేదు. "పిడి కొంచెం ఎత్తరా. మొన కిందికి వాలి ఉండాలి. అప్పుడు తగులుకున్నా జారిపోతుంది గాని లోపలికి దిగదు. బలం పెట్టకు, తాకించు చాలు" అన్నాడు. తరువాత పగిలిన చెక్కను చేతిలోకి తీసుకుని, "ఇది పెరగడానికి ఎన్ని వానలు కురిశాయో! అంకుడు కర్ర దొరకడమే కష్టమవుతోంది. చెట్లు నాటితేగాని మన పని నిలవదు" అన్నాడు.

కుర్రవాడు ఉలిని మళ్ళీ సాన పట్టుకుని, ఇంకో కర్ర బిగించాడు.

ఇంతలో తాత పిడతకు రంగు పెట్టాడు. తిరిగే చెక్కకు లక్క కణికను అదిమిపట్టాడు. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కుతాయి గదా! అలాగే ఒరిపిడికి లక్క కరిగి చెక్కను పట్టుకుంది. ఈ లక్క చెట్లమీద బతికే చిన్న పురుగులు ఇచ్చేది. అందులో పసుపు, నీలిమందు వంటి చెట్ల రంగులు కలుపుతారు. చివరకు మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరిసింది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఊరేగినవి ఇవే.

మేము లేచేసరికి కుర్రవాడి పిడత కూడా పూర్తయింది. మూత పెట్టి తీశాడు. 'టప్'మని చిన్న చప్పుడు! బిగువు సరిపోయిందన్నమాట. తాత మాట్లాడలేదు. ఆ పిడతను తీసి తన పిడతల వరుసలో పెట్టాడు.