ఇక్కడి విడాకులు అక్కడ చెల్లుతాయా?

సెయింట్ లూయిస్ తెలుగువాళ్లు ఉద్యోగ కష్టాలు పదిమందిలోనే అడుగుతారు. లేఆఫ్ అయితే హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఎన్నాళ్లుండొచ్చు? గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94లో రాసిన బస గడువు ముందే తీరిపోతే అప్పటిదాకానే. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద ఉంచి జీతం ఆపొచ్చా? ఆపకూడదు. 12 నెలల్లోపు కార్మిక శాఖకు ఫిర్యాదు చేయొచ్చు.

కాపురం సంగతి మాత్రం గొంతు తగ్గించి ఫోన్లో అడుగుతారు. భార్యను పుట్టింట్లో దింపి వచ్చిన భర్త ఇక్కడి కోర్టులో విడాకులకు వేస్తాడు. సమన్లు ఒంగోలుకో కరీంనగర్‌కో వెళ్తాయి. ఆ అమ్మాయి ఏం చెయ్యాలి?

సెయింట్ లూయిస్ ఉన్న మిస్సోరీ రాష్ట్రంలో భార్యాభర్తల్లో ఒకరు 90 రోజులు నివాసముంటే విడాకులకు వెయ్యొచ్చు. బంధం ఇక అతకదన్నదే కారణం. హిందూ వివాహ చట్టంలో ఆ కారణం లేదు. 1975లో తిరుపతిలో పెళ్లయిన ఒకాయన ఈ సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులోనే డిక్రీ తెచ్చుకుని, యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ డిక్రీ చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టే, ఆ చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులివ్వాలంది. అయితే భార్య తనంతట తానుగా విదేశీ కోర్టుకు లోబడి వాదించినా, విడాకులకు ఒప్పుకున్నా కథ మారవచ్చని కూడా చెప్పింది.

అందుకే సమన్లు వస్తే మూల పడెయ్యకూడదు, తొందరపడి వాదనకూ దిగకూడదు. ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోవడం లేదని లాయరు ద్వారా రాతపూర్వకంగా చెప్పాలి. తిరుపతి కేసులో ఆవిడ కూడా అభ్యంతరం తెలుపుతూనే జవాబు పంపారు.

ఇండియాలో చెల్లని డిక్రీ అమెరికాలో చెల్లుతుంది. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. డిక్రీతో, హెచ్‌-1బీ ఉద్యోగి భార్యగా ఆమెకున్న హెచ్‌-4 హోదా పోతుంది. అయితే అమెరికాలోనే ఉండి భర్త హింసను భరిస్తున్న హెచ్‌-4 భార్య, అతని సంతకంతో పని లేకుండా ఐ-765వీ ఫారంతో తానే వర్క్ పర్మిట్ అడగొచ్చు. ఆ హింస వల్లే బంధం తెగిపోతే, తెగిన 2 ఏళ్లలోపు కూడా ఈ అవకాశం ఉంది. ఈ దారి ఉందని మనవాళ్లలో చాలామందికి తెలియదు.

అమ్మానాన్నలకు ఒక్క విన్నపం. అమ్మాయి పాస్‌పోర్టు, ఐ-94, వీసా కాగితాల నకళ్లు మీ దగ్గరా ఉంచండి. అల్లుడు పంపిన ఏ కాగితం మీదా, మీ సొంత లాయరు చదవనిదే ఆమెతో సంతకం పెట్టించకండి.