చలి రాకముందే చేయాల్సిన తద్బీర్

పోయినేడు డిసెంబరు మొదటి వారం. ఇషా నమాజు చదివి అబ్బా మసీదు నుంచి వచ్చారు, ఇంకా టోపీ కూడా తీయలేదు. నా ఫోను మోగింది. పెద్దాపా కొడుకు, వీడియో కాల్. మాకు రాత్రి ఎనిమిదిన్నర, వాడికి పొద్దున తొమ్మిది.

వాడు బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగు చదివి కెనడాలోని సస్కాచెవాన్‌కు వెళ్లాడు. అక్కడ ఓ పెద్ద రైతు దగ్గర యంత్రాలు చూసుకునే నౌకరీ. ఆ ఊరి పేరు మన నోటికి తిరగదు గానీ మన వంటింటికి అది పరాయిది కాదు. మనం ఖిచిడీలో వేసుకునే మసూర్ పప్పు ఉంది చూశారా, మన దేశం బయటి నుంచి తెప్పించుకునే దాంట్లో పెద్ద వాటా ఏళ్లుగా కెనడాదే. కెనడా మసూర్‌లో ఎక్కువ భాగం పండేది ఆ రాష్ట్రంలోనే.

"మామూ, నానా ఉన్నారా?" అన్నాడు. మొహం కనిపించడం లేదు. మఫ్లరు మధ్యలో రెండు కళ్లు, కనుబొమల మీద తెల్లటి మంచు. అక్కడ ఆ పొద్దున మైనస్ 21 డిగ్రీలట. గొంతులో వణుకు చలిది మాత్రమే కాదని నాకు అర్థమైంది. ఫోను అబ్బా చేతికిచ్చాను.

"క్యా హువా రే బేటా?"

గోదాములోని ధాన్యాన్ని లారీకి ఎక్కించాలి. ఎక్కించే యంత్రాన్ని తిప్పేది ట్రాక్టరు. లారీ వచ్చి నిలబడి ఉంది. యజమాని పట్నం వెళ్లాడు. ట్రాక్టరు మొదటి తాళానికే స్టార్టయింది, ఆరేడు నిమిషాలు నడిచింది, ఆయాసపడుతూ ఆగిపోయింది. మళ్లీ స్టార్టు చేస్తే రెండు నిమిషాలు. మూడోసారి అదీ లేదు.

అబ్బా వినుకొండలో నలభై ఏళ్లుగా డీజిల్ మిస్త్రీ. నరసరావుపేట రోడ్డు నుంచి అటు మార్కాపురం వైపు దాకా ఎన్ని మిరప తోటల్లో ఆయిలింజన్లు విప్పారో, ఎన్ని ట్రాక్టర్లకు ప్రాణం పోశారో లెక్క లేదు. ఆయన వైద్యం ఎప్పుడూ ప్రశ్నలతోనే మొదలవుతుంది. సెల్ఫ్ గట్టిగా తిరుగుతోందా? తిరుగుతోంది. లోడు పడగానే నీరసిస్తోందా? అవును నానా. ఆగే ముందు పొగ తగ్గిందా? తగ్గింది.

"అయితే బ్యాటరీ కాదు, సెల్ఫూ కాదు. బండికి దాహం వేస్తోంది. ట్యాంకులో నూనె ఉంది, గొంతు దిగడం లేదు. ఫిల్టరు విప్పి చూడు."

విప్పి చూశాడు. "లోపల డాల్డా పేరుకున్నట్టు ఉంది నానా" అన్నాడు. తర్వాత అన్న మాటకు అబ్బా కూర్చున్న కుర్చీలోంచి లేచారు. "షెడ్డులో గోనెపట్టా ఉంది. నూనెలో ముంచి వెలిగించి ట్యాంకు కింద పెడితే కరుగుతుందేమో. చలి దేశాల్లో డ్రైవర్లు అలాగే చేస్తారని విన్నా."

"ఖబర్దార్! అగ్గిపెట్టె జేబులోంచి తీశావంటే నాతో మాట్లాడకు!"

అబ్బా కుడి చేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ ఉంది. నేను మూడో తరగతిలో ఉన్నప్పటిది. ఓ చలి పొద్దున ఎవరిదో మిరప తోటలో ఆయిలింజను స్టార్టు కాలేదు. గాలి పీల్చే గొట్టం దగ్గర మండే గుడ్డ పెట్టి స్టార్టు చేయడం ఆ రోజుల్లో అందరూ చేసేదే. గుడ్డ తొందరగా అంటుకోవాలని అబ్బా పెట్రోలు తడిపారు. మంట గొట్టంలోకి పోలేదు, చొక్కా చేతిలోకి వచ్చింది. మూడు నెలలు అమ్మీ అన్నం కలిపి తినిపించింది. ఆ మూడు నెలలు ఇంట్లో రిజ్క్ ఎలా వచ్చిందో అమ్మీకే తెలుసు. ఆ తర్వాత అబ్బా షెడ్డులో ఏ షాగిర్దూ నిప్పుతో ఇంజను లేపలేదు.

"ముందు నువ్వు లోపలికి పో. వేడి దగ్గర కూర్చో. లారీ ఆగుతుంది, ధాన్యం ఆగుతుంది. నీ వేళ్లు ఆగవు" అన్నారు.

అసలు జరిగిందేమిటో వాడు లోపల కూర్చుని చెప్పాడు. మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే అది. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసా గడ్డకట్టి ఉంటుంది కదా. ఫజర్ తర్వాత అమ్మీ దాన్ని ఎండలోనో, వేడినీళ్ల చెంబులోనో పెడుతుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కాబట్టి వినుకొండ చలి దానికి సరిపోతుంది. డీజిల్‌లో కూడా పుట్టుకతోనే మైనం ఉంటుంది. అది నూనెలో కరిగి ఉన్నంతసేపూ మనకు కనిపించదు. చలి పెరిగితే ముందు డీజిల్ మబ్బు పట్టినట్టు అవుతుంది, మైనం చిన్న చిన్న పలుకులుగా విడిపోతుంది. ట్యాంకులో ఇంకా పారుతూనే ఉంటుంది గానీ, ఫిల్టరు కాగితం దగ్గర ఆ పలుకులన్నీ పేరుకుని దారి మూసేస్తాయి. ఇంకా చలి పెరిగితే నూనె మొత్తం జావలా బిగుసుకుంటుంది.

మరి స్టార్టు ఎలా అయింది? అక్కడ ట్రాక్టర్లకు బ్లాక్ హీటర్ అని ఉంటుంది. రాత్రి కరెంటు ప్లగ్గులో పెడితే ఇంజనులోని నీళ్లను వెచ్చగా ఉంచుతుంది. ఇంజను వెచ్చగా ఉంది కాబట్టి లేచింది. కానీ హీటరు వేడి చేసేది ఇంజనును, ట్యాంకును కాదు. ట్యాంకులోని చల్లటి నూనె ఫిల్టరు దాకా వచ్చి అక్కడ గొంతు పట్టుకుంది.

"ట్యాంకులో ఏ నూనె ఉంది?" అడిగారు అబ్బా.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. అక్కడ చలికాలానికి వేరే డీజిల్ అమ్ముతారు. కోతలు అయిపోయాక అక్టోబరులో ట్రాక్టరును నిలబెట్టేటప్పుడు, వాడు ట్యాంకును మూత దాకా నింపాడు. అప్పటికి ఫారంలో మిగిలి ఉన్న వేసవి డీజిల్‌తో. "మీరే చెప్పారు కదా నానా, చలికాలం ట్యాంకు సగం ఖాళీగా ఉంచొద్దని."

చెప్పారు. నేనూ విన్నాను. వినుకొండలో అది పక్కా మాట. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ నీటి చుక్కలై గోడలకు పడుతుంది, ఆ నీళ్లు నూనె అడుక్కు దిగుతాయి. అందుకే సాయంత్రమే ట్యాంకు నింపమంటారు. అక్కడ కూడా అది సరైన మాటే. కానీ ఏ నూనెతో నింపాలో ఆ మాటలో లేదు. ఎందుకంటే మన ఊళ్లో ఆ సవాలే రాదు. చలికాలం మన దగ్గర పారా పదిహేను, పదహారుకు దిగితేనే మంకీ క్యాపులు బయటికొస్తాయి.

అబ్బా ఫోను ఒళ్లో పెట్టుకుని కాసేపు మౌనంగా ఉన్నారు. "గల్తీ నాది. చూడని ఊరి చలికి నేను ముందే సలహా ఇచ్చేశా" అన్నారు. ఎవరి ఇంజను విషయంలోనూ ఆయన నోటి నుంచి ఆ మాట నేను వినలేదు.

వాడు వెంటనే, "అయితే కొంచెం కిరోసిన్ కలపనా?" అన్నాడు. అది పాత మిస్త్రీలందరికీ తెలిసిన చిట్కా. కిరోసిన్‌లో మైనం తక్కువ కాబట్టి కలిపితే నూనె పలచబడుతుంది, అది నిజమే. కానీ దానికి జిగురు తక్కువ. ఇప్పటి ఇంజన్లలో పంపూ, నాజిళ్లూ డీజిల్ జిడ్డుతోనే అరగకుండా నడుస్తాయి. పైగా ఇప్పటికే పేరుకున్న మైనాన్ని అది వెంటనే కరిగించదు. పెట్రోలు మాటైతే అసలే వద్దు. అది ట్యాంకులో ఆవిరిని బారూదులా చేస్తుంది. అబ్బా ఈసారి తొందరపడలేదు. "ఆ బండి నాకు తెలీదు బేటా. మాలిక్‌ను అడుగు. దాని పుస్తకం తీసి చదువు. నేను చెప్పింది మాత్రం చేయకు."

సాయంత్రం యజమాని వచ్చాడు. ఇంకో బండితో ట్రాక్టరును లాగి హీటరున్న షెడ్డులో పెట్టారు. రాత్రంతా అలాగే వదిలేశారు. మర్నాడు పాత నూనె తీసి, కొత్త ఫిల్టరు వేసి, చలికాలపు డీజిల్ పోస్తే నడిచింది. ఖాళీగా తిరిగిపోయిన లారీ కిరాయి తన జీతంలోంచి పోతుందని వాడు రెండు రాత్రులు నిద్రపోలేదు. పోలేదు, అల్హమ్దులిల్లాహ్.

మనవాళ్ల పిల్లలు ఇప్పుడు ఎన్నో చలి దేశాల్లో ఉన్నారు గనక వాడు నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. చలి ముదరకముందే ట్యాంకులోని వేసవి నూనెను వాడేయాలి, లేదా తీసేయాలి, అప్పుడు చలికాలపు డీజిల్‌తో నిండుగా నింపాలి. గడ్డకట్టకుండా కలిపే మందు దొరుకుతుంది. అది మైనాన్ని మాయం చేయదు, పలుకులు పెద్దవి కాకుండా, ఫిల్టరులోంచి జారిపోయేంత చిన్నవిగా ఉంచుతుంది. అందుకే నూనె ఇంకా తేటగా ఉన్నప్పుడే కలపాలి. మబ్బు పట్టాక ఆ మందు పనిచేయదు. ఫిల్టరు కింద చేరిన నీళ్లను ఎప్పటికప్పుడు వదిలేయాలి, ఎందుకంటే మైనం కంటే ముందు గడ్డకట్టేది ఆ నీళ్లే. ఒక కొత్త ఫిల్టరు ఎప్పుడూ చేతిలో ఉండాలి.

మన దేశంలోనూ ఈ ముసీబత్ ఉన్న చోట్లు ఉన్నాయి. లద్దాఖ్‌లో చలికాలం మామూలు డీజిల్‌తో బండి నడపడం పెద్ద పరేషానీ. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ అక్కడికి ప్రత్యేకంగా చలికాలపు డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారైన ఆ నూనె మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. మన బంకుల్లోని మామూలు డీజిల్‌కు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 1460. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 6 డిగ్రీల చలిలోనూ నూనె ఫిల్టరు దాటాలి, మిగతా నెలల్లో 18 డిగ్రీలు చాలు అంటుంది. అంటే డీజిల్ కూడా మనలాగే, పుట్టిన ఊరి వాతావరణానికి తయారవుతుంది.

కాబట్టి వినుకొండ రైతన్నలారా, డిసెంబరు పొద్దున మీ ట్రాక్టరు లేవకపోతే నూనె గడ్డకట్టిందని ఎవరైనా చెబితే నమ్మకండి. నీళ్లు చేరి ఉంటాయి, ఫిల్టరు మూసుకుని ఉంటుంది, లైనులో గాలి ఉంటుంది, బ్యాటరీ నీరసించి ఉంటుంది. మూత సరిగా లేని డ్రమ్ములో నిలవ ఉంచిన నూనె అయితే అనుమానమే అక్కర్లేదు. కిరోసిన్ పోయకండి. మండే గుడ్డ దగ్గరికి తేకండి. కావాలంటే మా అబ్బా చెయ్యి చూపిస్తాను, రండి.

ఈ ఏడు అక్టోబరులో జుమా రోజు అబ్బా తనంతట తానే వాడికి ఫోను చేయించారు. సలాముకు జవాబు వచ్చిందో లేదో, ఖైరియత్ కూడా అడగకుండా మొదటి సవాలు అదే.

"ట్యాంకులో ఏ నూనె ఉంది రే?"

"పోయినవారమే మార్చేశాను నానా."

అప్పుడు తీరిగ్గా కుర్చీలో వెనక్కి వాలి, "ఆఁ, ఇప్పుడు చెప్పు, అన్నం తిన్నావా?" అన్నారు.