ఖాళీ గడి సున్న కాదు

మా తాతగారు చాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారు. సుమారు 3,200 మీటర్ల లోతుకు పోయిన గని అది. అందులోకి ఆయన ఎన్నేళ్ళు దిగారో మాకు సరిగ్గా తెలియదు. అందుచేత, కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబాల వివరాలకోసం మనవాళ్ళు కంప్యూటరులో పెట్టిన ఫారములో ఆ గడిని ఖాళీగా వదిలాము. తీరా జాబితా వచ్చాక చూస్తే, ఆయన పేరు కెదురుగా "లోపల పనిచేసిన ఏండ్లు: 0" అని ఉన్నది! ప్రక్కనే, "ఊపిరితిత్తుల జబ్బు: లేదు" అని. ఆయన దగ్గు వింటూ పెరిగిన మా అమ్మగారు ఒక్కమాటా అనలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

ఫారము తయారుచేసిన కుర్రవాణ్ణి పిలిచి కూర్చోబెట్టుకున్నాము. పాపం, దాచకుండా చెప్పాడు. 1995లో బ్రెండన్ ఐక్ కల్పించిన జావాస్క్రిప్టు భాషలో, ఖాళీ గడినుంచి అక్షరం లేని మాట ఒకటి వస్తుందట. దాన్ని అంకెగా మార్చమని "నంబర్" చేతికిస్తే, అది సంకోచం లేకుండా సున్న చేసి ఇస్తుంది! స్పేసులు మాత్రమే కొట్టినా అంతే. టిక్కు గడి సంగతి మరీ విడ్డూరం. టిక్కు పెట్టకపోతే, ఫారముతోబాటు ఆ గడి పేరయినా వెళ్ళదు. "చెక్డ్" అని అడిగి చూస్తే "ఫాల్స్" అంటుంది. జబ్బు లేదని వదిలారో, తెలియక వదిలారో దానికేం తెలుసు?

విరుగుడు కష్టమేమీ కాదు. ముందు "ట్రిమ్"తో అటూ ఇటూ ఉన్న ఖాళీలు కత్తిరించాలి. ఏమీ మిగలకపోతే అంకెగా మార్చక, "నల్" అని వేరుగా ఉంచాలి. అట్లాగని, అంకె అయిన తరువాత "ఇందులో ఏమైనా ఉన్నదా?" అని అడగరాదు. జావాస్క్రిప్టు నిజమైన సున్ననుకూడా లేనిదానిక్రిందనే కడుతుంది. మా పెద్దనాన్నగారు గని ఆఫీసు గుమాస్తా, ఏనాడూ లోపలికి దిగలేదు. ఆయనకు సున్నయే సత్యం! ఇక జబ్బు ప్రశ్నకు టిక్కు మాని, "ఉన్నది, లేదు, తెలియదు" అని మూడు గడులు పెట్టి, ఒకటి ఎంచుకొనేదాకా ఫారము తీసుకోకుండా చూడాలి.

కుర్రవాడు ఆ రాత్రే కూర్చుని అంతా దిద్దాడు. ఇప్పుడు తాతగారి ఏండ్ల గడిలో "తెలియదు" అని ఉన్నది. జబ్బు గడిని మా అమ్మగారే దగ్గరుండి "ఉన్నది" అని నింపించారు.

గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే దాటిపోతున్నారు. సున్న అని వ్రాసి ఉంటే ఇక ఎవరూ వెదకరు. తెలియదని ఉంటే, ఏ మారికుప్పం ఇంటి అటకమీదనో పాత జీతపు చీటీ ఒకటి దొరకకపోదు. మీ ఇంట కూడా ఒకసారి చూడండి.