మూడూళ్ల బస్సు.. సున్నా టికెట్టు!

కాజీపేటలో రైలు దిగినవాళ్లని ఎక్కించుకుని, హన్మకొండ చౌరస్తా దాటి, ఎంజీఎం ఆసుపత్రి మీదుగా వరంగల్‌ చేరుతుంది సిటీబస్సు. మనకి మూడూళ్లు, దానికి ఒకటే ఊరు!

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకి ఇందులో ఛార్జీ లేదు. అలాగని టికెట్టు అక్కర్లేదనుకునేరు! ఆధార్‌లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాల్సిందే. ఆ లెక్కప్రకారమే ప్రభుత్వం ఆర్టీసీకి డబ్బు కట్టాలి మరి. అందుకే 'ఉత్తదానికి కాగితమెందుకమ్మా' అంటే కండక్టరమ్మ ఊరుకోదు.

ఎంజీఎంలో ఇంటాయన్ని చేర్పించి, పూటపూటా అన్నం క్యారేజీతో తిరిగే ఇల్లాలికి రానూపోనూ ఛార్జీలు మిగులుతున్నాయి. సీటు దొరకడమే గగనం! బస్సు కదిలాక స్టాపులో మిగిలేది బేరాల్లేని ఆటోలే.