కెలంతాన్‌లో రాజు వేషం ఆడవాళ్ళదే!

మలయ్ భాషలో (మలయాళం కాదండోయ్, మలేషియా వాళ్ళ మలయ్!) సినిమాని ఏమంటారో తెలుసా? "వయాంగ్". ఆ మాట మొదట తోలుబొమ్మలాటది, నాటకాలది. సినిమా రాగానే దానికీ ఆ పేరే తగిలించేశారు. అంటే అక్కడ వెండితెరకి తోలుబొమ్మల తెర అమ్మమ్మ వరస!

ఆ అమ్మమ్మని చూడాలంటే కెలంతాన్ వెళ్ళాలి. మలేషియా ద్వీపకల్ప భాగానికి ఈశాన్యాన, థాయిలాండ్ సరిహద్దులో ఉన్న రాష్ట్రం. ముఖ్యపట్టణం కోటబారు. అక్కడి బొమ్మలాటలో ఆడేది మన రామాయణమే! రాముడి బొమ్మ ఆకుపచ్చగా ఉంటుంది. లక్ష్మణుడు "లక్సమాన". ఆ పేరే మలయ్ భాషలో నౌకాసేనాధిపతి బిరుదైపోయింది. మన జుట్టు పోలిగాడు, బంగారక్కల్లాగే నవ్వించడానికి పాక్ డోగోల్, వాక్ లాంగ్ అనే జంట ఉంది. మన దగ్గర కుటుంబమంతా కలిసి గొంతులిస్తే, అక్కడ "దలాంగ్" ఒక్కడే సీతా, రావణుడూ, హనుమంతుడూ అందరికీ మాట్లాడతాడు. డబ్బింగ్ కళాకారులు గమనింతురు గాక!

అయితే కెలంతాన్‌కి అసలు కథానాయిక "మాక్ యోంగ్". ఆటా, పాటా, మాటా కలిసిన నృత్యనాటకం. మన స్థానం నరసింహారావుగారు సత్యభామగా జనాన్ని మెప్పిస్తే, ఇక్కడ రాజు వేషం ఆడవాళ్ళు కట్టడం ఆనవాయితీ. ఆ రాజు "పాక్ యోంగ్". ప్రదర్శన మొదలవగానే నటీమణులంతా నేలమీద కూర్చుని "రెబాబ్" వైపు తిరుగుతారు. అది కమానుతో వాయించే మూడు తీగల వాద్యం. దానికి ఎదురుగా చేతులు మెల్లగా లేస్తాయి, వేళ్ళు వెనక్కి వంగుతాయి, గొంతులు కలుస్తాయి. తొందరన్నది ఉండదు. డోళ్ళూ, వేలాడదీసిన పెద్ద గంటలూ అందుకున్నాక రాజుగారు లేచి, చేతిలోని వెదురుబద్దల కట్టతో విదూషకుడి నెత్తిన ఒక్కటిస్తారు. ఇక నవ్వులే నవ్వులు!

ఇంతటి ఆటకి 1991లో గండం వచ్చింది. అంతకు ముందేడు అధికారంలోకొచ్చిన రాష్ట్ర ప్రభుత్వం, ఇందులో ఇస్లాంకి పొసగని పూజలూ, నమ్మకాలూ ఉన్నాయంటూ బహిరంగ ప్రదర్శనలు నిషేధించింది. బొమ్మలాటకీ అదే గతి. ఆ రోజుల్లోనే సినిమా హాళ్ళూ మూతపడ్డాయి. అమ్మమ్మకీ, మనవరాలికీ కలిపి తలుపులేశారన్నమాట! 2005లో యునెస్కో మాక్ యోంగ్‌ని మానవజాతి వారసత్వ కళాఖండంగా ప్రకటించింది. లోకం హారతి పట్టినా సొంతూళ్ళో మాత్రం వేదిక లేదు. మాక్ యోంగ్ మహారాణి ఖతీజా అవాంగ్ 2000లో కన్నుమూసేనాటికి నిషేధం అలాగే ఉంది. 2019లో ఎత్తేశారు గానీ, మతనియమాలకి లోబడి ఆడాలన్న షరతులు పెట్టారు. పుస్తకాల్లో కాక, గురువు నోటినుంచి శిష్యురాలి చెవికి చేరే విద్యకి ఇరవై ఎనిమిదేళ్ళ విరామమంటే మాటలా? ఈలోగా కౌలాలంపూర్‌లోని "అస్వారా" కళా అకాడమీ విద్యార్థులకి నేర్పుతూ వచ్చింది. కాస్త ఊరట!

ఇక కుర్రకారు హుషారు చూడండి. టింటాయ్ చువో అనే రూపశిల్పి, పాక్ దాయిన్ అనే దలాంగ్‌తో చేతులు కలిపి హాలీవుడ్ "స్టార్ వార్స్"ని తోలుబొమ్మల్లోకి దించేశాడు. డార్త్ వేడర్ అక్కడ "సంకాల వెదే"! వాయిద్యాలు మాత్రం కెలంతాన్‌వే. ఆ సన్నాయి లాంటి "సెరునాయ్" మోగగానే, నల్ల ముసుగు విలన్‌గారు రావణుడి ఠీవితో తెరమీదికొస్తారు.