పూజాగ్రంథానికి పూచీ ఎవరు?

పుస్తకం కొనేటప్పుడు మనం రచయిత పేరు చూస్తాం, వెల చూస్తాం, అట్ట బాగుంటే రెండు పుటలు తిరగేస్తాం. ప్రచురణకర్త ఎవరని చూసేవారు తక్కువ. ప్రాచీన కావ్యాల విషయంలో మాత్రం తెలుగు పాఠకునికి ఈ అలవాటు కొంత ఉండేది. 1854లో మద్రాసులో వావిళ్ల రామస్వామి శాస్త్రులుగారు నెలకొల్పిన సంస్థ పేరు పుస్తకం మీద కనబడితే పాఠం మీద నమ్మకం కుదిరేది. "వావిళ్లవారి ప్రతి ఉందా?" అని అడిగి మరీ కొనేవారు.

అయితే కావ్యంలో పాఠాంతరం ఎదురైతే దాని మీద చర్చ చేసుకోవచ్చు. ఆ చర్చలోనూ ఒక ఆనందం ఉంది. దేవుని ముందు చేతబట్టుకొని చదివే పుస్తకం సంగతి వేరు. అందులోని మాటలను చదివేవాడు తన మాటలుగా చేసుకొని పలుకుతాడు. అక్కడ పుట తప్పితే చర్చించేందుకు వ్యవధి ఉండదు.

ఇది నాకు తోట్లవల్లూరులో మా మేనత్తగారి ఇంట్లో తెలిసివచ్చింది. కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఆమెది కతోలిక కుటుంబం. 2019లో మా మామయ్య అవసానదశలో ఉండగా, మరణాసన్నుల కొరకు చదివే ప్రార్థనలున్న చిన్న పుస్తకాన్ని ఉపదేశిగారి చేతికిచ్చారు. ఎవరో ఏదో తిరునాళ్లలో కొని తెచ్చిన పుస్తకమది. ఆయన చదువుతూ చదువుతూ ఆగిపోయారు. ఒక ఫారాన్ని రెండుసార్లు కుట్టి, తరువాతి ఫారాన్ని వదిలేశారు. పదహారు పుటలు లేవు. ఉన్నవి మళ్లీ జ్ఞానస్నానపు ప్రార్థనలు. ఆ పెద్దమనిషి కళ్లు మూసుకొని మిగిలినది కంఠస్థంగా నడిపించారు కనుక గండం గడిచింది. తరువాత ఎన్నోనాళ్లకు అత్తయ్య అన్నది: "తప్పు చదివినా ఆయనకి తెలియదురా అబ్బాయ్, నాకు తెలుస్తుంది గదా!"

ఆ పుస్తకం ఎవరు అచ్చువేశారో చూద్దామని తిరగేశాను. పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు. నాటినుండి ఇటువంటి పుస్తకం చేతికొస్తే ముందుగా అట్ట వెనుక పుట చూస్తున్నాను.

కతోలికుల విషయంలో ఆ పుటకు ప్రత్యేకమైన విలువ ఉంది. పాత పుస్తకాలలో అక్కడ రెండు లాటిన్ మాటలు కనిపిస్తాయి. "నిహిల్ ఓబ్‌స్తాత్" అంటే పరిశీలకుడు చదివి అభ్యంతరం లేదన్నాడని. "ఇంప్రిమాతుర్" అంటే బిషప్పుగారు అచ్చువేయవచ్చునన్నారని. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రంలో 826వ సూత్రం దీనిని స్పష్టంగా చెబుతుంది: పూజాగ్రంథాన్ని పునర్ముద్రిస్తే, అది ఆమోదిత ప్రతితో సరిపోతున్నదని ప్రచురణస్థలపు అధికారి ధ్రువీకరించాలి. ప్రార్థన పుస్తకానికి సైతం స్థానికాధికారి అనుమతి కావాలి. కృష్ణా జిల్లా 1937లో ఏర్పడిన బెజవాడ, నేటి విజయవాడ మేత్రాసనం కిందిది. ఆ అనుమతి పుస్తకంలో లేకపోతే అందులోని ప్రార్థనలు చెడ్డవని కాదు. వాటికి పూచీపడినవారు లేరని మాత్రం అర్థం.

డెల్టాలో దీనికి తోడు మరొక చిక్కు ఉంది. మచిలీపట్నానికి 1841లోనే రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అనే ఆంగ్లికన్ మిషనరీలు వచ్చారు. ప్రొటెస్టెంటు సంఘాల అచ్చు పుస్తకాలు పల్లెపల్లెకూ చేరాయి. అందువల్ల ఒకే దుకాణంలో రెండు సంప్రదాయాల పుస్తకాలూ పక్కపక్కన ఉంటాయి, పేర్లు కూడా దాదాపు ఒకటే. బైబిల్ సొసైటీవారిది "పరిశుద్ధ గ్రంథము", కతోలిక అనువాదం "పవిత్ర గ్రంథము". మొదటిదానిలో 66 పుస్తకాలు, రెండవదానిలో 73. విషయసూచికలో తోబీతు, యూదితు, మక్కబీయులు ఉన్నాయా లేవా అని చూస్తే చాలు, తెలిసిపోతుంది. మాటలు కూడా ఆనవాలు పట్టిస్తాయి. కతోలికులు జ్ఞానస్నానమంటారు, ఇతరులు బాప్తిస్మమంటారు. వీరిది సువిశేషం, వారిది సువార్త. వీరికి పవిత్రాత్మ, వారికి పరిశుద్ధాత్మ. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు. ఎనభై ఏళ్లు ఒక మాటతో ప్రార్థించిన మనిషికి మరొక మాట నోరు తిరగదు, అంతే. తెలుగులో కొనేవారికి నేను చెప్పే దారి సులువైనది: సికింద్రాబాదులోని అమృతవాణి వంటి తెలుగు కతోలిక సంస్థల ప్రచురణలను, లేదా విచారణ గురువు చూసి సరేనన్న పుస్తకాన్ని తీసుకోవడం.

అత్తయ్యకు మరొక కోరిక కూడా ఉంది. చిన్నతనంలో విన్న లాటిన్ పూజ పుస్తకం ఒకసారి చేత్తో పట్టుకోవాలని. వాళ్ల నాన్నగారు పీఠం దగ్గర గురువుకు బదులు పలికేవారట. అర్థం తెలియకపోయినా ఆ ధ్వని ఆమెకు గుర్తుంది. ఆమెకోసం వెదుకుతుంటే "పాత మిస్సాలు" అనేది ఒక్కటి కాదని తెలిసింది.

పన్నెండవ భక్తినాథ పాపుగారి కాలంలో పవిత్రవారపు పూజాక్రమం మారింది. శనివారం ఉదయమే జరిగిపోయే పాస్కా జాగరణ 1956 నుండి సర్వత్రా రాత్రివేళకు వెళ్లింది. కనుక 1945 నాటి సెయింట్ ఆండ్రూ మిస్సాలు పునర్ముద్రణ ఎంత అందంగా ఉన్నా అందులోని పవిత్రవారం అంతకుముందటిది. 1962 డిసెంబరు 8 నుండి పూజ మధ్యభాగంలోని ప్రధాన ప్రార్థనలో పునీత జోజప్పగారి పేరు చేర్చారు. 1962 క్రమమని చెప్పే పుస్తకంలో ఆ పేరు ఉందో లేదో చూడాలి. 1969లో ఆరవ పౌలు పాపుగారు కొత్త పూజాక్రమాన్ని, కొత్త పంచాంగాన్ని ప్రకటించారు. మన దేశానికి వచ్చాడని చెప్పే తోమా అపోస్తలుని పండుగ పాత పుస్తకంలో డిసెంబరు 21న, కొత్తదానిలో జూలై 3న. అందుచేత పాత మిస్సాలు పట్టుకొని నేటి ఊరి గుడిలో కూర్చుంటే పుటలు వెదకడంతోనే పూజ అయిపోతుంది. పాత క్రమంలో పూజ జరపడానికి కూడా 2007లో బెనెడిక్టు పాపుగారు విస్తృతంగా అనుమతిచ్చినా, 2021లో ఫ్రాన్సిస్ పాపుగారు దానిని కుదించి బిషప్పుల అనుమతికి లోబరిచారు.

ఇక ప్రచురణకర్తలు. 2002లో లండనులో మొదలైన బారోనియస్ ప్రెస్ 1962 మిస్సాలును కొత్తగా అక్షరాలు కూర్చి అచ్చువేసింది. అమెరికాలో 1967లో స్థాపించిన టాన్ బుక్స్ పాత భక్తిగ్రంథాలను తిరిగి అచ్చులోకి తేవడంలో పేరు పొందింది. ఏంజెలస్ ప్రెస్ కూడా 1962 మిస్సాలు వేస్తుంది. అది పదవ భక్తినాథ సంఘానికి చెందినది. 1988లో పాపుగారి అనుమతి లేకుండా బిషప్పులను అభిషేకించిన సంఘమది. పుస్తకం పనితనం, ప్రచురణకర్తకు శ్రీసభతో ఉన్న సంబంధం వేర్వేరు ప్రశ్నలు. కొనేవారు రెండూ అడగాలి.

ఆమోదముద్ర విషయంలోనూ ఒక మెలకువ కావాలి. 1945లో బిషప్పు ఇచ్చిన అనుమతి ఆనాటి అచ్చుకు మాత్రమే. ఆ పుటలకే ఛాయాచిత్రం తీసి వేస్తే అక్షరం మారదు. కానీ రంగు పోవచ్చు. మిస్సాలులో నల్లని అక్షరాలు పలకవలసినవి, ఎర్రనివి చేయవలసినవి. అంతా నలుపైతే, నిలుచుండమన్న సూచనను కూడా ప్రార్థనగా చదివేస్తాం! మళ్లీ కొత్తగా కూర్చి, పాత అనుమతి పుటను యథాతథంగా అతికిస్తే ఆ పూచీ ఈ కొత్త తప్పులకు వర్తించదు. అను ఫాంట్లలోని తెలుగును యూనికోడులోకి మార్చి ఒత్తులు ఎగిరిపోవడం చూసినవారికి ఈ ప్రమాదం వేరే చెప్పనక్కరలేదు.

చివరకు రెండు పుస్తకాలు తీసుకున్నాను. లాటిన్ మిస్సాలు బారోనియస్‌వారిది. ఎరుపు ఎరుపుగానే ఉంది, జోజప్పగారి పేరు ఉంది, అనుమతి పుట ఉంది, కుట్టు గట్టిది. అది అత్తయ్య చేత్తో తడుముకొనేందుకు. తెలుగు ప్రార్థన పుస్తకం అనుమతి ముద్ర ఉన్నది. అది నేను చదివేందుకు. ఇచ్చేముందు ఒక రాత్రి కూర్చొని మొదటి పుట నుండి చివరిదాకా పుటల సంఖ్యలు వరుసగా లెక్కపెట్టాను. అత్తయ్యకు ఇప్పుడు చూపు ఆనదు. ఆ పుస్తకం అవసరపడే రోజున చదవవలసినవాణ్ని నేనే.