నాలుగడుగుల తలుపు

కొన్ని పోలిష్ కవితల్ని తెలుగులోకి తెస్తున్నాను. నాకు పోలిష్ రాదు, ఇంగ్లీషు మీదుగానే. మొన్నామధ్య ఒక ఫ్రెండ్‌కి రెండు పంపితే "జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తున్నావన్నమాట" అన్నాడు. సరదాకే అన్నాడు. నేను మాత్రం మూడు వారాలు ఆ ఫైలు తెరవలేదు. యోన్ థోర్లాక్సన్ గురించి చదివింది ఆ మూడు వారాల్లోనే.

యోన్ (1744–1819) ఐస్‌లాండ్‌లో ఒక పాస్టరు. వయసులో ఉండగా పెళ్లి కాకుండా తండ్రి అయినందుకు రెండుసార్లు ఆ ఉద్యోగం పోయింది. హ్రాప్సే అనే దీవిలోని ప్రెస్సులో కొన్నాళ్లు పనిచేశాడు. 1788లో ఉత్తరాన బైగిసా అనే చోటికి మళ్లీ పాస్టరుగా వెళ్లి, పోయేదాకా అక్కడే ఉండిపోయాడు. మిల్టన్ 'ప్యారడైజ్ లాస్ట్'ని, పోప్ 'ఎస్సే ఆన్ మ్యాన్'ని, జర్మన్ కవి క్లాప్‌స్టాక్ 'మెసయ్య'ని ఐస్‌లాండిక్‌లోకి తెచ్చాడు.

1814లో ఎబినేజర్ హెండర్సన్ అనే స్కాటిష్ మిషనరీ ఆయన్ని చూడ్డానికి వెళ్లాడు. డెబ్బయ్యేళ్లకు దగ్గరపడిన కవి తన మనుషులతో కలిసి గడ్డి పనిలో ఉన్నాడట. రాసుకునే గదికి తలుపు ఎత్తు నాలుగడుగులు కూడా లేదు. గది పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు ఆరు. అందులోనే మంచం, ఓ చిన్న కిటికీ, బల్ల. వచ్చే కాస్త జీతంలోనూ సహాయ పాస్టరుకి వాటా ఇవ్వాలి.

మిల్టన్‌ని ఆయన మొదలుపెట్టింది డేనిష్ అనువాదం చూసి. అంటే అదీ జిరాక్స్‌కి జిరాక్సే! కానీ ఛందస్సు మాత్రం సొంత ఇంటిదే వాడాడు. మిల్టన్ పొడుగాటి పాదాల్ని వదిలేసి, ఎడ్డా కవితల నాటి పాత ఛందస్సు, ఫోర్నిర్దిస్లాగ్, అందుకున్నాడు. చిన్న చిన్న పాదాలు, అంత్యప్రాస ఉండదు. ఒకే ధ్వనితో మొదలయ్యే మాటలు రెండేసి పాదాల్ని ముడివేస్తాయి. మన యతికి దూరపు చుట్టం అనుకోవచ్చు.

మొదటి భాగాలు మాత్రమే ఆయన బతికుండగా వెలుగు చూశాయి. పూర్తి పుస్తకం కోపెన్‌హాగెన్‌లో ఒక ఇంగ్లీషాయన ఖర్చుతో 1828లో వచ్చింది. అప్పటికి యోన్ పోయి తొమ్మిదేళ్లు.

కథ ఇక్కడితో అయిపోతే, కష్టపడ్డ పెద్దాయన పాపం అనుకుని ఊరుకునేవాణ్ణి. కానీ జీతంలో వాటా అందుకున్న ఆ సహాయ పాస్టర్లలో ఒకాయనకి 1807లో ఓ కొడుకు పుట్టాడు. పిల్లాడికి ఎనిమిదేళ్లప్పుడు ఆ తండ్రి చెరువులో మునిగి చనిపోయాడు. ఆ పిల్లాడే యోనాస్ హాల్‌గ్రిమ్సన్. ఐస్‌లాండ్ ఇవాళ అతని పుట్టినరోజు, నవంబరు 16ని, తమ భాషా దినంగా జరుపుకుంటుంది. యోన్ అనువాదాల్లో మళ్లీ ఊపిరి పోసుకున్న ఆ పాత ఛందస్సునే యోనాస్ తన సొంత కవితల్లోకి తీసుకున్నాడు.

ఎవరి కోసం రాస్తున్నాడో యోన్‌కి తెలిసే అవకాశమే లేదు. పక్కింటి పిల్లాడి కోసం అని ఎలా ఊహిస్తాడు?

నాకు అంత భ్రమ లేదులెండి. నా అనువాదాల్లోంచి ఏ యోనాసూ పుట్టకపోవచ్చు. అయితే ఫ్రెండ్ మాటలో తప్పెక్కడుందో మాత్రం తెలిసింది. జిరాక్స్ మెషిన్‌కి సొంత యతి ఉండదు. నిన్న రాత్రి ఫైలు తెరిచాను. మూడో కవితలో ఇంగ్లీషు వాక్యాన్నే పట్టుకుని వేలాడుతున్న రెండు లైన్లు కొట్టేసి, మళ్లీ మొదలుపెట్టాను.